ఆవిరే కదరా, బావమరిదీ

ఇస్త్రీ బల్ల పక్క నుంచి

బావమరిదీ,

మావాడు సిగరెట్ మానేశాడురా! ముందు కూర్చో, తర్వాత చదువు. ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, అచ్చు యంత్రాల హోరులో చెవులు పోగొట్టుకున్నవాడివి, నేను ఒకటి చెబితే నువ్వు ఇంకొకటి విని పదిమందికి మూడోది చెబుతావు. అందుకే ఉత్తరం. కాగితం మీద పడితే ఇక మార్చలేవు కదా.

ఇంకో మాట. దీనికంటే ముందు చెప్పాల్సింది అదే, సంతోషంలో వెనకాముందూ తెలియడం లేదు. కోడలికి నెల తప్పింది. నేను తాతనవుతున్నాను. ఈ రెండు వార్తలూ ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని వచ్చాయి. నీకు తెలుసుగా, కోడలు కళ్లజోళ్ల షాపులో అద్దాల అంచులు అరగదీసే మనిషి. మాటకు కూడా అంచు అలాగే పెడుతుంది. డాక్టరు దగ్గర్నుంచి వచ్చీరాగానే, పొగ పీల్చే మనిషి ఎవరైనా సరే నా బిడ్డను ఎత్తుకోవడానికి వీల్లేదు, కన్నతండ్రికీ ఇదే మాట, అని చెప్పేసింది. బస్సు డ్రైవరుగా చేరిన నాటి నుంచీ మీ మేనల్లుడికి స్టీరింగు ఒక చేత, సిగరెట్ ఒక చేత. నేనూ మీ అక్కా తిట్టాం, ఏడ్చాం, అలిగాం. ఏదీ పనిచేయలేదు. కోడలు గొంతు పెంచకుండా చెప్పిన ఒక్క మాటకు వాడు పెట్టె తీసి చెత్తబుట్టలో వేశాడు.

నేను ఊరుకుంటానా? ఒక దిండు గలీబుకి చిక్కటి గంజి పెట్టి, అట్టలా బిగిసేలా ఇస్త్రీ చేసి, లాండ్రీలో హోటలు దుప్పట్ల మీద గుర్తులేసే సిరాతో రాశాను: "పొగ పీల్చేవారు ఈ గుమ్మం దాటి బిడ్డను ఎత్తుకోరాదు. ఇట్లు, తాతయ్య." బిడ్డ కోసం సర్దిన గది గుమ్మానికి తగిలించాను. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా అది.

వాడు ఎలా మానాడంటావా? కలంలా ఉండే కరెంటు సిగరెట్ ఒకటి కొనుక్కున్నాడు. మొదట నేనూ భయపడ్డాను. దగ్గరికెళ్లి చూస్తే ఏముందీ, ఆవిరి. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. ఇందులో నిప్పే లేదు, ఇక పొగెక్కడిది? జీవితమంతా ఆవిరి లాండ్రీలో బాయిలర్ పక్కన నిలబడ్డవాణ్ణి, ఆవిరి సంగతి నాకు ఒకరు చెప్పాలా? ఆవిరి బట్టకు మంచిది, జలుబుకి మంచిది. పైగా పుచ్చకాయ వాసన.

మా చెల్లెలికి చెప్పు, మీ చిన్నబావకి చెప్పు, మా వియ్యంకులకు చెప్పు. జన్మలో ఒక్క దమ్ము లాగని తండ్రి కడుపున పుట్టినవాడు చివరికి తండ్రి దారికే వచ్చాడని చెప్పు. ఈ ముక్క మరిచిపోకు.

మీ బావ

*

మేడమీది గది, కిటికీ పక్క

బావగారికి,

శుభవార్త చదివి ఇంట్లో వాళ్లందరికీ వినిపించాను. మిఠాయి మీరు పంపలేదు కాబట్టి నేనే కొనుక్కుని మీ పేరు చెప్పుకుని తిన్నాను. మా అక్క నాయనమ్మ అవుతోందంటే నవ్వొస్తోంది. నిన్నగాక మొన్న నా జుట్టు పట్టుకుని కొట్టిన మనిషి.

ఇక ఆ కరెంటు సిగరెట్ సంగతి. బావా, మీరు బాయిలర్ పక్కన నిలబడ్డారు గానీ బాయిలర్‌లో మెదడు కూడా ఉడకబెట్టుకున్నారని నాకిప్పుడే తెలిసింది. మా పక్కింటాయన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అది పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు పేలాల్లా టపటపా పేలిపోతాయట. సిగరెట్ కంటే పదింతల విషమట. జేబులో పెట్టుకుంటే బాంబేనట. వాడు బస్సు నడుపుతాడు, వెనక జనం ఉంటారు, కాస్త ఆలోచించండి. ఇంతకంటే ఆ పాత సిగరెట్టే నయం, కనీసం దాని విషం మనకు తెలిసిన విషం. చిన్నబావ కూడా సిగరెట్లు వదిలి దాన్ని పట్టుకుంటే వీడియో చూపించాను. దెబ్బకు దాన్ని డ్రైనేజీలో పడేసి హాయిగా పాత పెట్టె తెరిచాడు. ఒక ప్రాణం కాపాడాను.

మీరు చెప్పమన్నవాళ్లందరికీ చెప్పాను. మీ చెల్లెలు మీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని, ఆవిరే అన్నచోట రెండుసార్లు చదివింది. ఎందుకో తెలియదు.

మీ బావమరిది

*

ఇస్త్రీ బల్ల పక్క నుంచి

బావమరిదీ,

నీ పేలాలు నువ్వే తిను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మావాడితో పాటు, సిగరెట్లు మానిపించే క్లినిక్కుకి నేనూ వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, జడ కూడా సరిగా వేసుకోదు, కానీ మాట తూకం వేసినట్టుంటుంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగింది. ఊపిరితిత్తులు పేలాలవడం అనే మాటకు ఆధారం చాలదట. బ్యాటరీలు పేలిన సందర్భాలు ఉన్నాయి గానీ అరుదట, దాని చార్జరు దానికి వాడమంది. సిగరెట్ తాగేవాడు దాన్ని పూర్తిగా వదిలి దీనికి మారితే, ఒంట్లోకి పోయే విషం బాగా తగ్గుతుందట. అన్నిటికంటే చెడ్డ పని, దీనికి భయపడి మళ్లీ సిగరెట్ ముట్టించడమట. వింటున్నావా, ప్రాణదాతా? చిన్నబావకు నువ్వు చేసింది ఏమిటో అర్థమైందా? కొరివితో తల గోక్కోమని చెప్పినవాడివి నువ్వే.

ఇంకా ఏవేవో చెప్పింది. ఇది నీళ్ల ఆవిరి కాదని, ఏదో మందు ద్రవం వేడెక్కి వచ్చే మంచులాంటిదని, ఎప్పుడూ తాగనివాళ్లు దీని జోలికే పోకూడదని. అప్పుడు నేను గోడ మీది బొమ్మలు చూస్తున్నాను, సరిగా వినలేదు. నాకు సంబంధం లేని మాటలు కదా.

మావాడికి ఆ కలంలో పోసే ద్రవం సీసాల లెక్క పెట్టింది. ముందు బలమైనది, తర్వాత తక్కువది, ఆపైన ఇంకా తక్కువది, చివరికి ఏదీ లేదు. వాడు బుద్ధిగా దిగుతున్నాడు, మెట్లు దిగినట్టు. బలమైన సీసాలూ ఆ పాత కలమూ పారేయమని నాకిచ్చాడు. నిండు సీసాలురా. నేను సబ్బు ముక్క కూడా పారేసిన మనిషిని కాదు. దాచాను.

నీకు మాత్రం చెబుతాను. లాండ్రీ మూసేసి నన్ను ఇంటికి పంపినప్పటి నుంచి నాకు ఒకటే లోటు. పొద్దున్నే బాయిలర్ మూత తీయగానే మొహానికి తగిలే ఆ వెచ్చటి ఆవిరి. అది లేకపోతే రోజు మొదలైనట్టుండదు. పెరట్లో నిలబడి ఒక్కసారి, ఒక్కసారే, ఆ కలం పీల్చి చూశాను. దగ్గొచ్చింది, కళ్లు తిరిగాయి, తర్వాత ఏదో హాయి. సీసా మీద అంకె ఉంది. గంజికి పలచన, చిక్కన ఉన్నట్టే దీనికీ ఉంటుందన్నమాట. చిక్కటి గంజి పెట్టిన బట్ట ఎలా నిలబడుతుందో నీకు తెలియదు, నీ చొక్కాలు చూస్తే తెలుస్తుంది.

మీ బావ

*

మేడమీది గది

బావగారికి,

చిన్నబావ విషయంలో నాకు తిట్లు పడ్డాయి, ఒప్పుకుంటున్నాను. మా పక్కింటాయన్ని అడిగితే, ఆ వీడియో వాళ్ల బావ పంపాడట. ఆ బావకు ఇంకో బావ పంపాడట. బావలు నాశనం చేసినంతగా ఈ లోకాన్ని ఇంకెవరూ చేయలేదు.

కానీ మీ ఉత్తరంలో చివరి పేరా నాకు నచ్చలేదు. డాక్టరమ్మ మాటల్లో నన్ను తిట్టడానికి పనికొచ్చేవన్నీ అచ్చుగుద్దినట్టు రాశారు. మీకు తగిలే ఒక్క ముక్క దగ్గర మాత్రం గోడ మీది బొమ్మలు చూశారు. తాగేవాడికి అది దిగే మెట్టు అయితే, తాగనివాడికి అది ఎక్కే మెట్టు కాదూ? మీ కొడుకు దిగుతున్న మెట్ల మీద మీరు ఎదురొస్తున్నారు. ఢీకొంటారు, జాగ్రత్త.

మీ బావమరిది

*

పెరటి అరుగు మీద నుంచి

బావమరిదీ,

మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ముక్కు మీ అక్కది, అరుపు నీది. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఆ కేక నాకు రెండు గదుల అవతలికి వినిపించింది, నీకైనా వినపడి ఉండేది. అందరూ ఎత్తుకున్నారు. నేను కూడా ఎత్తుకునేవాణ్ణే, నాకు కొంచెం జలుబుగా ఉందని చెప్పి పక్కకు తప్పుకున్నాను. మళ్లీ ఎత్తుకోవచ్చు, ఎక్కడికి పోతుంది?

ఇంట్లో మాత్రం చిన్న చిక్కు వచ్చింది. దాని బట్టలన్నీ నేనే ఉతికి నేనే ఇస్త్రీ చేస్తున్నాను, ఇంకొకరి చేతికి ఇవ్వను. మొన్న కోడలు పిల్ల దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది. మళ్లీ వాసన చూసింది. "దీనికి ఇంకా పళ్లే రాలేదు. పుచ్చకాయ ఎక్కడ తిన్నది?" అంది.

అందరూ మావాడి వైపు చూశారు. వాడు ఆ కలం కూడా వదిలేసి చాలా రోజులైందని చెప్పాడు. బిడ్డ మీద ఒట్టేశాడు. కోడలు గుమ్మం వైపు వేలు చూపించింది. గలీబు మీద నా చేతిరాత. వాడు బయటికి నడిచాడు. అప్పటి నుంచి కిటికీ అవతల నిలబడి కూతుర్ని చూస్తున్నాడు. నేనేం మాట్లాడతాను చెప్పు? ఆలుమగల మధ్య పెద్దవాళ్లు దూరకూడదు కదా.

నాకూ ఒంట్లో అంత బాగుండటం లేదు. నిద్ర లేవగానే చేతులు దేనికోసమో వెతుకుతుంటాయి. చిన్న మాటకే కోపమొస్తోంది. నిన్న కళ్లజోడు కనపడలేదని మీ అక్క మీద అరిచాను. అది నా మొహం మీదే ఉంది. ఏమీ లేదు, వయసు.

మీ బావ

*

మేడమీది గది

బావగారికి,

మనవరాలికి నా ముద్దులు. ఇక మీకు.

నా చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు. మీ ఉత్తరం విప్పగానే గదంతా పుచ్చకాయ. ఇది పుచ్చకాయల కాలం కాదు. మా అక్క రాసిన ఉత్తరానికి వంటింటి నూనె మరక ఉంటుంది. అబ్బాయికి ఉత్తరాలు రాసే అలవాటే లేదు. ఈ కాగితం మీద చేతిరాత మీది, కాగితం మీది, పుచ్చకాయ కూడా మీదే. నాలుగో పేజీ మూలన అంటుకుపోయింది, వేలు పెడితే జిగట.

ఒక్కసారే అన్నారు. ఒక్కసారి పీల్చినవాడి చేతులు నిద్రలేవగానే ఎందుకు వెతుకుతాయి? కడుపారా కోరుకున్న మనవరాలిని ఎత్తుకోకుండా ఎందుకు తప్పుకుంటాడు? అది జలుబు కాదు బావా, దొంగకు తేలు కుట్టడం.

నవ్వుతూ రాయడానికి ప్రయత్నించాను, కలం సాగలేదు. ఇన్నేళ్లు పొగ తాగిన కొడుకు ఎవరి మొహం మీదా ఊదలేదు. ఒక్క దమ్ము లాగని తండ్రి తెచ్చి నేరుగా కొడుకు మొహం మీద ఊదాడు. వాడు చేయని తప్పుకి కిటికీ అవతల నిలబడితే, మీరు పెరటి అరుగు మీద కూర్చుని నాకు దాని ముక్కు ఎలా ఉందో రాస్తున్నారు. గుర్తు సిరా ఎన్ని ఉతుకులు ఉతికినా పోదని చెప్పింది మీరే. అది బట్ట మీద ఒక్కదాని మీదే అనుకోకండి.

మీరు చెబుతారా, నన్ను బస్సెక్కి వచ్చి చెప్పమంటారా? నేను చెబితే చెవిటివాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతాను, వీధి వీధంతా వింటుంది.

మీ బావమరిది

*

ఇంటి నుంచి

బావమరిదీ,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. ఆవిరే కదా, మానేస్తే సరిపోతుంది, మానేశాక చెప్పాల్సిన పనేముందని అనుకున్నాను. కలమూ సీసాలూ మూటగట్టి చెత్తబుట్టలో పడేశాను. మధ్యాహ్నమైనా కాకముందే ఆ చెత్తబుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. కూరగాయల తొక్కల కింద. హోటళ్ల దుప్పట్ల మీద ఎవరెవరి మరకలో చూసి ముక్కు మూసుకున్న మనిషిని. అప్పుడు తెలిసింది నాకు. ఆవిరి కోసం ఎవరూ చెత్తబుట్ట వెతకరు.

అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను. దుప్పటి వాసన నాదని, అబ్బాయి ఒట్టు నిజమని. ఎవరూ అరవలేదు, అదే కష్టంగా ఉంది. మావాడు సీసా అడిగి తీసుకుని అంకె చూసి, "నాన్నా, ఇది గంజి చిక్కదనం కాదు. నికోటిన్. నేను సిగరెట్లు మానిన కొత్తలో వాడిన బలం ఇది. నువ్వు అక్కడ మొదలుపెట్టావు" అన్నాడు. చేయి కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. క్లినిక్కుకి పోదాం పద అన్నాడు. ఒక్క మాట దెప్పలేదు. దెప్పితే బాగుండేది.

కోడలు మాత్రం ఒకటడిగింది. "మామయ్యా, ఆ గుమ్మం మీద ఏం రాసిందో నాకు కళ్లజోడు లేక కనపడటం లేదు. కొంచెం చదివి పెడతారా?" అంది. కళ్లజోళ్ల షాపులో పనిచేసే పిల్ల. నిలబడి చదివాను. అంతా బాగానే చదివాను గానీ ఇట్లు తర్వాతి మాట చదవలేకపోయాను.

సీసాలన్నీ కోడలు ముందు పెట్టాను. అవి నేను ఎక్కడ దాచానో చెప్పనా? పిల్ల గుడ్డల బీరువాలో, అడుగు అరలో. తియ్యటి వాసన, రంగు రంగుల బొమ్మ, పిల్ల పాకే వయసుకి చేతికందే ఎత్తు. పసిపిల్లలు అది తాగితే ప్రాణం మీదకు వస్తుందని డాక్టరమ్మ చెబుతుంటే, ఈసారి గోడ మీది బొమ్మలు చూడలేదు.

ఇప్పుడు కిటికీ అవతల నేను నిలబడుతున్నాను. లోపల మావాడు దాన్ని ఎత్తుకుని తిప్పుతున్నాడు. గాజు అవతల నుంచి చూస్తే దాని ముక్కు నాదిలా ఉంది.

మీ బావ

*

మేడమీది గది

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈసారి ఏ వాసనా లేదు, కొంచెం చెత్తబుట్ట వాసన తప్ప.

ఎగతాళి చేయడానికి చాలా ఉంది, దాచుకుంటున్నాను. నేను కూడా చిన్నబావ ఇంటికి వెళ్లి, నేను చెప్పింది తప్పని చెప్పాను. నువ్వు చెప్పావనే కదా నేను మళ్లీ మొదలెట్టింది అని ఆయన నా మొహం మీదే సిగరెట్ ముట్టించాడు. చూపించిన చేత్తోనే తుడవాలి అంటే ఎంత కష్టమో ఇద్దరికీ తెలిసొచ్చింది. మీకు బాయిలరు, నాకు వీడియో.

తొందరగా ఎత్తుకోండి. అది పెరిగి బరువైతే మీ నడుం ఊరుకోదు.

మీ బావమరిది

*

బిడ్డ గది లోపలి నుంచి

బావమరిదీ,

ఎత్తుకున్నానురా. పై చిరునామా చూశావా? గది లోపలి నుంచి రాస్తున్నాను, బయటి నుంచి కాదు.

డాక్టరమ్మ భుజానికి అంటించే పట్టీ ఇచ్చింది, నమలడానికి బిళ్లలు ఇచ్చింది. మొదటి వారాలు ఎలా గడిచాయో మీ అక్కనడుగు, నేను చెబితే తగ్గించి చెబుతాను. మావాడు డ్యూటీ దిగగానే వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నాలుక పీకుతున్నప్పుడు నీళ్లు ఎలా తాగాలో, చేతులకు ఏం పని పెట్టాలో వాడే నేర్పాడు. వాడికి నడవడం నేర్పినవాణ్ణి నేను. ఇప్పుడు వాడు నా వెనకే నడుస్తూ, పడితే పట్టుకోవడానికి చేతులు చాచి ఉన్నాడు.

నిన్న కోడలు నన్ను గుమ్మంలో నిలబెట్టి చొక్కా, అరచేతులు, మీసం వాసన చూసింది. హోటలు వాళ్లు లాండ్రీ మూట తిరిగి తీసుకునేటప్పుడు కూడా అంత పరీక్ష చేయలేదు. తర్వాత పిల్లను నా చేతుల్లో పెట్టింది. ఎలా ఉందనుకున్నావు? అప్పుడే ఆరబెట్టే యంత్రంలోంచి తీసిన తువ్వాలులా ఉంది. అంత వెచ్చన, అంత తేలిక. ఇన్నాళ్లు ఏ ఆవిరి కోసం పెరట్లో నిలబడ్డానో నాకు గుర్తు లేదు. అది నా మీసం పట్టుకుని లాగింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. మీసం వల్లే.

గలీబు ఇంకా గుమ్మానికే ఉంది. దించుతానంటే కోడలు ఒప్పుకోలేదు. కింద ఆవిడే ఒక వరస రాసింది, నా సిరాతోనే: "ఆవిరి అని చెప్పినా సరే."

ఇప్పుడు నీకు పని. అప్పుడు ఎవరెవరికి నా గొప్ప చెప్పావో వాళ్లందరికీ ఇది కూడా చెప్పాలి, ఒక్కరినీ వదలకు.

మొదట మా చెల్లెలికి. నా ఉత్తరం చదివాక అదీ ఒక కలం కొనుక్కుందట, స్ట్రాబెర్రీదట, అన్నయ్య చెప్పాడు ఆవిరేనని అంటోందట. అన్నయ్య గాడిద అని చెప్పు, నా మాటగానే చెప్పు.

మీ చిన్నబావకి. పేలాలు అబద్ధమని, ఆవిరీ అబద్ధమని, క్లినిక్కు నిజమని. ఈసారి నోటితో చెప్పకు, చేయి పట్టుకుని తీసుకెళ్లు.

మా వియ్యంకులకు. వాళ్ల అమ్మాయి నన్ను గుమ్మం అవతల నిలబెట్టిందని, నిలబెట్టి మంచి పని చేసిందని.

మీ పక్కింటాయనకు, ఆయన బావకు, ఆ బావకున్న ఇంకో బావకు. వీళ్లు బంధువులు కారు గానీ వీళ్లకు చెబితే ఊరందరికీ అదే చేరుతుంది.

మీ అక్కకు చెప్పక్కర్లేదు. లాండ్రీలో నేను ఎన్ని వేల గలీబులు ఉతికినా, నా దిండు గలీబు ఉతికేది ఆవిడే కదా. మొదటి వారంలోనే వాసన పట్టేసిందట. కోడలికి చెప్పిందట. కోడలు అబ్బాయికి చెప్పిందట. ముగ్గురూ కూడబలుక్కుని నా నోటితో నేను చెప్పేదాకా చూద్దామనుకున్నారట. నేను పెరట్లోకి వెళ్లినప్పుడల్లా మావాడు హాయిగా పిల్లను ఎత్తుకునే ఉన్నాడట. నా అడుగుల చప్పుడు వినగానే పరుగెత్తుకెళ్లి కిటికీ అవతల నిలబడేవాడట, మొహం వేలాడేసుకుని. బస్సు డ్రైవరు కాదు వాడు, నాటకాలవాడు.

కాబట్టి ఈ ఇంట్లో అందరికీ ముందే తెలుసు. చెప్పాల్సినవాళ్లలో ఆఖరున మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు నిన్న చెప్పారు.

మీ బావ